నలభయ్యో అంతస్తులో కాపురం: కోకాపేట, నార్సింగి టవర్లపై సమీక్ష

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, నానక్‌రామ్‌గూడ, తెల్లాపూర్ వైపు ఫ్లాటు చూడటానికి వెళ్తే ముందు మోడల్ ఫ్లాటు చూపిస్తారు, తర్వాత డ్రోన్‌తో తీసిన గండిపేట చెరువు వీడియో, ఆ తర్వాత క్లబ్‌హౌస్ బొమ్మ. పంపు గది చూపించరు. ఒక్కో లిఫ్టుకు ఎన్ని ఫ్లాట్లో చెప్పరు. మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీ ఏ మూలన ఉందని అడిగితే సేల్స్ కుర్రాడు మాట మారుస్తాడు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒక బోరు, ఒక లిఫ్టు, ఒక వాచ్‌మన్ ఉంటే రోజు గడిచిపోతుంది. నలభై అంతస్తుల్లో అలా కుదరదు. అక్కడ నీళ్లు, గాలి, వెలుతురు, రాకపోకలు అన్నీ మోటార్ల మీద నడుస్తాయి. అవి బాగున్నన్నాళ్లే కాపురం సుఖం. అందుకే ఇందులో ఇటాలియన్ మార్బుల్ మాట తక్కువ, ప్రెషర్ వాల్వుల మాట ఎక్కువ.

ముందు నేల లెక్క. 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్కను, ఎత్తేసింది. ముంబైలో ఆ లెక్క ఉంది. ఇక్కడ ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగా, ఫైర్, విమానాశ్రయ అనుమతులు కుదిరితే పైకి పోతూనే ఉండొచ్చు. 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కోకాపేటలో వేసిన నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం 100.75 కోట్లకు పోయింది. అంత పెట్టి కొన్నవాళ్లు అడ్డంగా కట్టరు కదా. ఐదెకరాల్లో వెయ్యి ఫ్లాట్లు వస్తే, ఎకరానికి 4,840 గజాల చొప్పున ఫ్లాటుకు దక్కే నేలలో అవిభాజ్య వాటా (యూడీఎస్) దాదాపు 24 గజాలు. ఆ వేలం ధరకే లెక్కేసినా ఆ నేల విలువ 50 లక్షలు. రెండున్నర, మూడు కోట్లు పెట్టి కొన్నదాంట్లో మిగతాదంతా కాంక్రీటు, యంత్రాలు, బిల్డర్ లాభం. ఏళ్లు గడిచేకొద్దీ పాతబడేది ఆ మిగతాదే. మన ఇళ్లలో పెద్దవాళ్లు "గజాలెన్ని?" అని అడిగితే నవ్వుకోవద్దు. సేల్ అగ్రిమెంట్‌లో యూడీఎస్ అంకె గజాల్లో రాసి ఉందో లేదో ముందు అదే చూడాలి.

రెండో లెక్క విస్తీర్ణం. హైదరాబాద్‌లో ఇంకా సేలబుల్ ఏరియా మీదే, అంటే గోడలు, బాల్కనీలు, ఉమ్మడి జాగాలో వాటా అన్నీ కలిపిన అంకె మీదే, బేరం నడుస్తుంది. 3,000 ఎస్‌ఎఫ్‌టీ అని చెప్పిన ఫ్లాటులో రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా చెప్పే కార్పెట్ ఏరియా, అంటే ఇంట్లో నిజంగా వాడుకునే జాగా, ఇలాంటి టవర్లలో సాధారణంగా 1,900 నుంచి 2,050 మధ్య ఉంటుంది. లోపలి గోడలు అందులో కలుస్తాయి. బయటి గోడలు, బాల్కనీలు, షాఫ్టులు కలవవు. ఎస్‌ఎఫ్‌టీ 9,000 అంటే మొత్తం 2.7 కోట్లు. 1,950 కార్పెట్ మీద చూస్తే అడుగు దాదాపు 13,850 పడింది. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ఈ రెండో అంకెనే పోల్చాలి. ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టు గుంతలు, మెట్లు, షాఫ్టులు మింగే జాగా పెరుగుతుంది కాబట్టి, ఇరవై అంతస్తుల టవరు కంటే యాభై అంతస్తుల టవరులో అదే 3,000కి లోపల దక్కేది తక్కువ.

దీనిపైన ఫ్లోర్ రైజ్, కార్నర్, ఈస్ట్ ఫేసింగ్, లేక్ వ్యూ చార్జీలు, రెండో కారు పార్కింగ్, క్లబ్‌హౌస్, పెద్ద మరమ్మతుల కోసం దాచే కార్పస్ ఫండ్, ఏడాది రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్సు ఉంటాయి. ఇళ్లలో చేరొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) రాకముందు కొంటే జీఎస్‌టీ 5 శాతం, రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 7.5 శాతం. అంటే 2.7 కోట్ల మీద ఈ రెండే 33 లక్షల పైమాట. ఓసీ వచ్చాక కొంటే జీఎస్‌టీ లేదు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి బిల్డర్‌కు హక్కు లేదు. రెరా నంబరు లేకుండా ప్రీ లాంచ్ పేరుతో అమ్మేవాళ్ల దగ్గర ధర ఎంత తక్కువున్నా ఈ సమీక్ష అక్కడికి వర్తించదు. అది ఇల్లు కొనడం కిందికి రాదు.

తూర్పు ద్వారం, పడమటి ఎండ

ఈ వైపు టవర్లలో ఎక్కువ డబ్బు ఎక్కడ వృథా అవుతుందంటే ఇక్కడే. మధ్యలో కారిడార్, రెండు పక్కలా ఫ్లాట్లు ఉన్న టవరులో సింహద్వారం తూర్పుకు ఉంటే, హాలు, బాల్కనీ, పెద్ద బెడ్‌రూమ్ పడమరకు తెరుచుకుంటాయి. వాస్తు కోసం తూర్పు ద్వారానికి అదనపు డబ్బు కడతారు. గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, కోకాపేటకు పడమరన ఉంది. కాబట్టి చెరువు కనిపించాలన్నా పడమరే, దానికి ఇంకో చార్జీ. పై అంతస్తయితే ఫ్లోర్ రైజ్ అదనం. మూడు ప్రీమియంలూ కట్టి కొనుక్కునేది ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా నేరుగా హాల్లోకి దూరే ఎండ. ముప్పయ్యో అంతస్తుకు చెట్టు నీడ రాదు, ఎదురు బిల్డింగు నీడా ఉండదు. అదే కారిడార్‌కు అటువైపు, పడమటి ద్వారం ఉన్న ఫ్లాటు చవగ్గా వస్తుంది, దాని బాల్కనీ తూర్పుకు ఉంటుంది, మధ్యాహ్నం దాటితే నీడ. వాస్తు పట్టింపు లేనివాళ్లకు ఈ ప్రాంతంలో ఇంతకంటే మంచి బేరం లేదు.

పడమటి ఫ్లాటే కావాలంటే బాల్కనీ లోతు ఆరడుగులకు తగ్గకూడదు, అద్దం రెండు పొరల డబుల్ గ్లేజ్ అయి ఉండాలి. కర్టెన్ వల్ల పెద్ద లాభం లేదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక ఆ వేడి గదిలోనే ఉంటుంది. బాల్కనీ బయటి అంచుకు వెదురు తడికలు, రోలర్ బ్లైండ్లు కట్టినా గాలిదుమారానికి రెండు వేసవులు నిలవవు. కట్టనివ్వని అసోసియేషన్లే ఎక్కువ.

ఎండకు తోడు గోడలు. ఇప్పుడు కడుతున్న ఎత్తయిన టవర్లలో చాలావరకు మైవాన్ పద్ధతివే. అల్యూమినియం అచ్చుల్లో గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోస్తారు. ఇటుక ఉండదు. ప్లాస్టర్ పగుళ్లు, గోడల్లోంచి చెమ్మ తక్కువ. అది నిజమైన లాభమే. కానీ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రి పది దాటాక కూడా వదులుతూనే ఉంటుంది. ఏసీ ఆపిన అరగంటకు గది మళ్లీ వేడెక్కిందని చాలామంది ఏసీని తిట్టుకుంటారు. అసలు కారణం గోడ. పడమటి గోడకు ఆనించి వార్డ్‌రోబ్ పెట్టిస్తే తేడా తెలుస్తుంది.

మైవాన్ గోడతో ఇంకో మూడు చిక్కులు. ఒకటి, వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీయించి ఓపెన్ కిచెన్ చేసుకుందామంటే కుదరదు, ఆ గోడ బిల్డింగు బరువు మోస్తోంది. రెండు, కొత్త స్విచ్‌బోర్డు పాయింటు కోసం గాడి కొట్టడానికి వీల్లేదు. ఫాల్స్ సీలింగ్ లోంచో, చెక్క ప్యానెల్ వెనక నుంచో తేవాలి. మేకు దిగదు. మామూలు డ్రిల్లు కూడా పనిచేయదు, రోటరీ హ్యామర్ కావాలి. మూడు, వైఫై. హాల్లో పెట్టిన రౌటరు సిగ్నల్ రెండో గోడ దాటేసరికి నీరసపడుతుంది. ఇంటీరియర్ మొదలుపెట్టే ముందే ప్రతి గదికీ ల్యాన్ వైరు లాగించి, రెండు మూడు యాక్సెస్ పాయింట్లకు చోటు వదిలితే చవగ్గా తేలిపోయే వైరింగు పని. సీలింగ్ మూసేశాక అదే పనికి ఖర్చు చాలా ఎక్కువ. పైన మొబైల్ సిగ్నల్ నిండుగా చూపిస్తూనే కాల్ తెగిపోతుంటే ఆశ్చర్యపోవద్దు. అంత ఎత్తులో ఫోనుకు దూరాన ఉన్న టవర్లన్నీ ఒకేసారి కనిపిస్తాయి, ఏదీ స్థిరంగా పట్టుకోదు. వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవడమే దారి.

నీళ్లు

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇళ్లలో చేరాక వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే.

పది మీటర్ల ఎత్తు నీళ్లకు ఒక బార్ ఒత్తిడి. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున నలభై అంతస్తులంటే 120 మీటర్లు. పైన ట్యాంకు నుంచి నేరుగా కిందికి వదిలితే మొదటి అంతస్తు కొళాయి దగ్గర 12 బార్ ఉంటుంది. స్నానానికి హాయిగా ఉండేది ఒకటిన్నర నుంచి మూడు. ఐదు దాటితే మిక్సర్ల కార్ట్‌రిడ్జ్‌లు, ఫ్లెక్సిబుల్ గొట్టాలు పోతాయి. అందుకే టవరును కొన్ని కొన్ని అంతస్తుల జోన్లుగా విడగొట్టి, ప్రతి జోనుకూ ప్రెషర్ తగ్గించే వాల్వు, అంటే పీఆర్‌వీ, పెడతారు. దాని ముందుండే జాలీలో ఇసుక, సున్నం చేరితే ప్రెషర్ పడిపోతుంది. వాల్వు లోపలి సీటు అరిగితే ప్రెషర్ పెరిగిపోతుంది. కొళాయి కట్టేయగానే గోడలో 'ఠప్' మన్న చప్పుడు, గీజర్ సేఫ్టీ వాల్వు నుంచి ఆగకుండా చుక్కలు, టాయిలెట్ జెట్ స్ప్రే గొట్టం పగలడం, ఈ మూడింటిలో రెండు కనిపిస్తే ప్లంబర్‌ను ఇంటికి పిలిచి లాభం లేదు, షాఫ్టులోని పీఆర్‌వీ చూడమని ఫెసిలిటీ మేనేజర్‌కు చెప్పాలి. గీజర్ కొనేటప్పుడు 8 బార్ తట్టుకునేదే కొనాలి. జెట్ స్ప్రేకు ముందున్న యాంగిల్ కాక్ ఊరు వెళ్లేటప్పుడు కట్టేయాలి. ఇంటికి తాళం వేసి వెళ్లినప్పుడు కింది మూడు ఫ్లాట్ల చెక్క ఫ్లోరింగ్ పాడుచేసేది ఎక్కువగా ఆ చిన్న గొట్టమే.

పై రెండు మూడు అంతస్తులది తిరగేసిన కథ. ట్యాంకుకూ షవర్‌కూ మధ్య ఐదు మీటర్లే ఉంటే వచ్చేది అర బార్. సీలింగ్ షవర్ కింద నిలబడితే వాన పడదు, చినుకులు పడతాయి. అక్కడికి ఒత్తిడి పెంచే హైడ్రోన్యూమాటిక్ పంపు తప్పనిసరి. అది జనరేటర్ లైన్ మీద ఉందో లేదో అడగాలి. పెంట్‌హౌస్ కొనేవాళ్లలో ఈ ప్రశ్న అడిగేది తక్కువమంది.

నీళ్లు ఎక్కడివి అన్నది ఇంకో సంగతి. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం మీద, ఇంటికి నలుగురు చొప్పున వెయ్యి ఫ్లాట్లకు 5.4 లక్షల లీటర్లు కావాలి. ఫ్లష్‌కు పోయే 45 లీటర్లు ఎస్‌టీపీ నుంచి వస్తే 3.6 లక్షలు. జలమండలి కనెక్షన్ చాలక, బోర్లు అడుగంటిన మే నెలలో ఇదంతా ట్యాంకర్లతో నింపాలంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు ముప్పై ఆరు కావాలి. కాబట్టి జలమండలి నుంచి మంజూరైన నీళ్లెన్ని, వస్తున్నవెన్ని, గత వేసవిలో ట్యాంకర్ల బిల్లెంత అని అసోసియేషన్ లెక్కల్లో చూడాలి. ఆ పుస్తకం చూపించని చోట కొనొద్దు.

బోరు నీళ్ల సున్నం ఈ నగరానికి పాత చుట్టం. ముంబై టవర్లలో ఉప్పు గాలికి ఏసీ కాయిల్స్, రెయిలింగులు తుప్పు పడతాయి. ఇక్కడ గీజర్ రాడ్లు, షవర్ రంధ్రాలు సున్నంతో పూడిపోతాయి. తాగునీటి ప్రమాణంలో హార్డ్‌నెస్, అంటే నీళ్ల కఠినత, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు. సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉన్నంత మాత్రాన సరిపోదు, దానికి ఉప్పు వేసి రీజనరేట్ చేయాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మొదట కోత పడేది ఆ ఉప్పు బస్తాలకే. సాఫ్ట్‌నర్ టీడీఎస్‌ను, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని, తగ్గించదు, కాల్షియం తీసి సోడియం పెడుతుంది, అంతే. కాబట్టి టీడీఎస్ మీటరు ముంచి చూపించి ప్లాంటు బాగా పనిచేస్తోందని చెప్తే నమ్మొద్దు. హార్డ్‌నెస్ టెస్ట్ స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి.

ఎస్‌టీపీ సంగతి తెలుసుకోవడానికి ప్లాంటు దాకా దిగనక్కర్లేదు. ఎవరూ ఉండని ఫ్లాటులో ఫ్లష్ నొక్కి వాసన చూస్తే చాలు. నీళ్లు పచ్చగా, మురుగు కంపుతో ఉంటే కరెంటు ఆదా కోసం గాలి ఊదే బ్లోవర్లను రాత్రిళ్లు ఆపేస్తున్నారేమో అడగాలి.

లిఫ్టులు, కరెంటు

అంతస్తుకు ఆరు ఫ్లాట్లు, నలభై అంతస్తులు, 240 ఇళ్లు. దీనికి నాలుగు ప్యాసింజర్ లిఫ్టులు ఉంటే లిఫ్టుకు అరవై ఇళ్లు. సర్వీసుకు ఒకటి ఆగితే ఎనభై. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర, స్కూలు బస్సు, ఆఫీసు, పనమ్మాయిలు, పాలు, కూరగాయలు అన్నీ ఒకేసారి. సెకనుకు రెండున్నర మీటర్ల లిఫ్టు ఆగకుండా వస్తే 120 మీటర్లకు 48 సెకన్లు. ఆగిన ప్రతి అంతస్తుకూ తలుపు తెరుచుకుని మూసుకోవడానికి పది సెకన్లు వేసుకోండి. ఆరు చోట్ల ఆగితే ఇంకో నిమిషం. అందుకని వేగం కంటే సంఖ్య ముఖ్యం. లిఫ్టుకు నలభై ఇళ్ల లోపు ఉంటే బాగున్నట్టు, అరవై దాటితే రోజూ కింద లాబీలో పలకరింపులకు టైము కేటాయించుకోవాలి. ఫ్లోరు నంబరు బయటే నొక్కించి మనుషులను లిఫ్టుల మధ్య పంచే డెస్టినేషన్ కంట్రోల్ ఉంటే రద్దీ తగ్గుతుంది.

సర్వీస్ లిఫ్టును కొలతపట్టీతో చూడాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు, మూడు సీట్ల సోఫా, డబుల్ డోర్ ఫ్రిజ్ నిలువుగానైనా పట్టాలి. పట్టకపోతే మెట్ల మీదుగా మోయడానికి కూలీలు అంతస్తు లెక్కన అడుగుతారు. స్ట్రెచర్ పడుకోబెట్టి తీసుకెళ్లే వీలుందా అన్నది మాత్రం ఎవరూ మొహమాటపడి అడగరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడైనా, కాలం చేసిన మనిషిని దించేటప్పుడైనా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సిన గతి పట్టకూడదు. ఫ్రీజర్ బాక్సు ఎక్కడ పెట్టనిస్తారు, టెంటు ఎక్కడ వేసుకోనిస్తారు అన్నది కూడా అసోసియేషన్ నియమాల్లో (బైలాస్) రాసి ఉన్న చోట ఆ రోజు గొడవలుండవు.

"హండ్రెడ్ పర్సెంట్ పవర్ బ్యాకప్" అన్న మాటకు అర్థం ప్రాజెక్టుకో రకం. కొన్ని చోట్ల ఫ్లాటు మొత్తానికి, కొన్ని చోట్ల ఏసీలు మినహా, కొన్ని చోట్ల ఫ్లాటుకు రెండు కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్ లాగుతుంది. దానితో ఇండక్షన్ పొయ్యి పెడితే ట్రిప్. లీటరు డీజిల్‌కు జనరేటర్ ఇచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు. కాబట్టి డీజీ (డీజిల్ జనరేటర్) యూనిట్ ధర గ్రిడ్ యూనిట్ కంటే దాదాపు మూడు రెట్లు. మీటరు రెండింటినీ విడిగా చూపించేది అయ్యుండాలి.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్లను ముందు అందం చెడకుండా సన్నటి షాఫ్టులో ఒకదానిపై ఒకటి పెట్టిన టవర్లున్నాయి. కింది ముప్పై యూనిట్లు వదిలిన వేడి పైకే పోతుంది. పై అంతస్తుల యూనిట్ పీల్చేది బయటి 42 డిగ్రీల గాలి కాదు, యాభై దాటిన గాలి. మే మధ్యాహ్నం అది ట్రిప్పవుతుంటే గ్యాస్ నింపించి ప్రయోజనం లేదు. యూనిట్ ముందు జాలీ రెక్కలు ఎంత తెరిచి ఉన్నాయో, వెనక్కి గాలి తిరిగొచ్చే చోటుందో ఫ్లాటు చూసేటప్పుడే చూసుకోవాలి.

గాలి, పావురాలు, వడియాలు

హైదరాబాద్‌కు డిజైన్‌లో తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, ముంబైకీ అంతే, విశాఖకు 50. సముద్రం లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దన్నమాట. ఎండాకాలం సాయంత్రాల గాలివానకు స్లైడింగ్ కిటికీలు ఈల వేస్తాయి, ట్రాక్ లోంచి నీళ్లు హాల్లోకి వస్తాయి. ట్రాక్‌లో నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు పక్క ప్లాట్ల తవ్వకాల దుమ్ముతో పూడుకుపోవడమే సగం కేసుల్లో కారణం. జూన్‌కు ముందు పుల్లతో శుభ్రం చేస్తే చాలు. రెక్క కిటికీలు గాలిని బాగా ఆపుతాయి, ధర ఎక్కువ.

ఆ తవ్వకాల గురించి కూడా. ఇక్కడ కింద అంతా గ్రానైట్ రాయి. నాలుగైదు బేస్‌మెంట్లు దిగాలంటే ఆ రాయిని పగలగొట్టాల్సిందే. పక్కన ఖాళీ ప్లాటు ఉంటే అది పార్కు కాదు, రాబోయే ఐదేళ్ల దుమ్ము, చప్పుడు. చెరువు వ్యూ కూడా ఆ ప్లాటు లేచేదాకే. ఔటర్ రింగ్ రోడ్డు పక్క టవరైతే పైకెక్కితే చప్పుడు తగ్గుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. అడ్డు గోడలు, చెట్లు కింద ఉండిపోతాయి, టైర్ల హోరు నేరుగా పైకి వస్తుంది.

పావురాలకు ఎత్తు లెక్కలేదు. నైలాన్ వల ఎండకు మూడు నాలుగేళ్లలో పెళుసుబారుతుంది. ఇన్విజిబుల్ గ్రిల్ అయితే 316 గ్రేడ్ స్టీలు తీగ, తీగకూ తీగకూ మధ్య రెండంగుళాలు అడగాలి, నాలుగంగుళాల సందులో పావురం దూరుతుంది. పిల్లలున్న ఇంట్లో రెయిలింగ్ నాలుగడుగులకు తగ్గకూడదు, దాని పక్కన ఎక్కడానికి వీలైన కుండీ, కుర్చీ ఉండకూడదు. స్లాబు అంచులకు పెద్ద తేనెపట్టు పడితే కర్రతో కదపకుండా అసోసియేషన్‌కు చెప్పడమే.

ఇక మన వంటింటి సంగతి. టెర్రస్‌కు తాళం ఉంటుంది, అక్కడ సోలార్ ప్యానెళ్లు, ట్యాంకులు. వడియాలు, ఒరుగులు, ఆవకాయకు కడిగిన కాయలు ఆరబెట్టాలంటే బాల్కనీయే గతి, అక్కడ గాలికి గుడ్డ నిలవదు. వంటగది పక్కన ఎండ తగిలే యుటిలిటీ, అందులో నీళ్లు పోయే వాలు ఉన్న ఫ్లాటు వెతుక్కోవడం మేలు. బట్టలు బయటికి కనబడేలా ఆరేయకూడదని చాలాచోట్ల నిబంధన. పైనుంచి కిందికి దించే హ్యాంగర్ యుటిలిటీలో పట్టాలి. గ్రైండర్ కింద రబ్బరు మ్యాట్ వేస్తే కింది ఇంటివాళ్లతో స్నేహం నిలుస్తుంది.

క్లబ్‌హౌస్ గురించి రెండు మాటలు చాలు. వాడేవి జిమ్ము, బ్యాడ్మింటన్ కోర్టు, ఫంక్షన్ హాలు. బారసాలకూ శ్రీమంతానికీ హాలు దొరకాలంటే ముందే బుక్ చేయాలి, బయటి క్యాటరింగ్ వాళ్లను పొయ్యి వెలిగించనివ్వరు. మినీ థియేటర్, సిగార్ లాంజ్ బ్రోచర్‌లో బాగుంటాయి. ఏసీ బిల్లు మాత్రం అందరిదీ.

మెయింటెనెన్స్

నెలకు ఎస్‌ఎఫ్‌టీకి మూడు నుంచి ఆరు రూపాయలు, అదీ సేలబుల్ ఏరియా మీద. ఐదు వేసుకుంటే 3,000 ఎస్‌ఎఫ్‌టీకి 15,000. సొసైటీ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటి, ఇంటికి నెలకు 7,500 మించితే 18 శాతం జీఎస్‌టీ. 2019 నాటి కేంద్ర సర్క్యులర్ ప్రకారం మొత్తం మీద, అంటే 2,700. 7,500 దాటిన మేరకే పన్ను అని 2021లో మద్రాస్ హైకోర్టు చెప్పింది, ఆ లెక్కన 1,350. మీ సొసైటీ ఏది వసూలు చేస్తోందో అడగండి.

కార్పస్ ఫండ్ నెలవారీ ఖర్చులకు ముట్టుకోకూడదు. లిఫ్టులు మార్చడం, బయట నుంచి తాళ్ల మీద వేలాడుతూ టవరంతా రంగులు వేయడం, పంపులు, డీజీల ఓవర్‌హాల్, అన్నీ ఒకరోజు వస్తాయి. బిల్డర్ ఆ డబ్బును అసోసియేషన్‌కు అప్పగించాడా లేదా అన్నది పాత ఫ్లాటు కొనేవాళ్లు చూడాల్సిన మొదటి కాగితం. సగానికి పైగా ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా చూడాలని రెరా చట్టం బిల్డర్‌కే చెప్పింది. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం, పనితనం, సర్వీసుల్లో తప్పు బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఈ ఐదేళ్లు స్వాధీనం తేదీ నుంచి లెక్క, కాబట్టి తాళాలు తీసుకున్న రోజే తప్పులు పట్టుకోవాలి.

తాళాలు తీసుకునేటప్పుడు బాత్రూమ్ డ్రెయిన్‌కు గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్లు పెట్టి, రెండు రోజుల తర్వాత కింది ఫ్లాటు సీలింగ్ చూడాలి. టైల్స్‌ను కర్రతో తట్టి బోలు చప్పుడు వచ్చినవాటికి టేపు అంటించాలి. బాల్కనీలో బకెట్ నీళ్లు పోస్తే డ్రెయిన్ వైపు పోవాలి, హాల్లోకి రాకూడదు. వంటగది కొళాయికి ప్రెషర్ గేజ్ బిగించి అంకె ఫొటో తీయాలి. సాకెట్లలో టెస్టర్ పెట్టి ఎర్తింగ్ చూడాలి. మెట్ల దారిలో ఫైర్ డోరు వదిలేస్తే దానంతట అదే మూసుకోవాలి. ఇటుకో, కుండీయో అడ్డం పెట్టి తెరిచి ఉంచారంటే మంటలొచ్చినప్పుడు పొగంతా ఆ మెట్లలోకే వస్తుంది. అన్నీ రాసి, ఫొటోలతో మెయిల్ చేయాలి. నోటిమాట పనికిరాదు.

రాకపోకలకు కారే దిక్కు. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగింది. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే ఈ టవర్లకు ఎక్కువ మార్కులు వేయొచ్చు. సికింద్రాబాద్‌లోనో, ఎల్‌బీ నగర్‌లోనో ఉంటే చెరువు వ్యూ చూసే టైము ఆదివారమే.

అంతస్తు ఎంచుకునే విషయంలో ఇరవై నుంచి ముప్పై మధ్య బాగుంటుంది. దుమ్ము కొంత తగ్గుతుంది, గాలి తీవ్రత భరించేంత, ప్రెషర్ సరిగా ఉంటుంది, లిఫ్టు ఆగినా కిందికి దిగగలరు. ముసలివాళ్లున్న ఇంటికి పది లోపు మేలు. పై ఐదు అంతస్తులు మోజున్నవాళ్లకే. కొనే ముందు అదే టవరులో, అదే దిక్కున, దాదాపు అదే ఎత్తులో ఒక ఫ్లాటు మార్చి నుంచి పదకొండు నెలల అగ్రిమెంట్ మీద అద్దెకు తీసుకోగలిగితే ఇంకా మంచిది. మార్చిలో దిగితే ఎండ, గాలివాన, ట్యాంకర్లు, వానాకాలం కిటికీలు, అసోసియేషన్ వార్షిక సమావేశం (ఏజీఎం) గొడవలు అన్నీ ఆ అగ్రిమెంట్ లోపలే వచ్చేస్తాయి.